గతుకుల రోడ్ల మీద తిరిగే బండికి సస్పెన్షన్, స్టీరింగ్ రిపేరు: చప్పుడు పట్టుకోవడం నుంచి బోల్టు బిగించేదాకా

గతుకుల రోడ్ల మీద తిరిగే బండికి చాలావరకు ముందు రబ్బరే పోతుంది, ఇనుము వంతు ఆ తర్వాత. బాల్ జాయింటు (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బంతి కీలు) మీదుండే చిన్న రబ్బరు తొడుగుకి ఎక్కడో కంకర రాయి తగిలి చిరుగు పడుతుంది. అందులోంచి గ్రీసు బయటికి పోతుంది, దుమ్మూ బురదనీళ్లూ లోపలికి చేరతాయి. దుమ్ము కలిసిన గ్రీసు ఇనుమును సానరాయిలా అరగదీస్తుంది. జాయింటు లూజవుతుంది, లూజు స్టీరింగ్‌లోకి వస్తుంది, టైరు ఒక పక్క తినేస్తుంది. అప్పుడు మనం షెడ్డుకెళ్లి షాకబ్జార్బర్లు పోయినట్టున్నాయి అంటాం. అవి మార్చినా టకటక అలాగే ఉంటుంది.

అందుకే ఇక్కడ విప్పడం, బిగించడం కంటే ముందు ఏది పోయిందో పట్టుకోవడం గురించే ఎక్కువ చెబుతాను. ముందు చక్రాలకు స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్బరు ఒకే కట్టగా ఉండేది) సస్పెన్షన్ ఉన్న మామూలు కారు, వెనక కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు) ఉన్న సరుకుల బండి, ఈ రెండింటినీ మనసులో పెట్టుకుని రాస్తున్నాను. బిగింపు లెక్కలు బండి బండికీ మారతాయి. మీ బండి సర్వీస్ మాన్యువల్ దగ్గరుంచుకోండి, టార్క్ రెంచ్ (ఎంత బిగించామో చూపే పానా) అరువైనా తెచ్చుకోండి.

బండి కింద దూరే ముందు

నేల చదునుగా, గట్టిగా ఉండాలి. మట్టి నేలైతే జాకీ కింద మందపాటి చెక్క పెట్టండి, లేకపోతే బరువు పడగానే జాకీ ఓ పక్కకు దిగబడుతుంది. లేపని చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి, వెనక భాగం లేపినప్పుడు హ్యాండ్ బ్రేకును నమ్ముకుంటే లాభం లేదు. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే సగం తిప్పు వదులు చేయండి. లేపాక స్టాండు పెట్టి బరువంతా దాని మీదికి దించి, బండిని చేత్తో ఒకసారి గట్టిగా ఊపి చూసి, ఆ తర్వాతే కిందికి వెళ్లండి. ఊడదీసిన చక్రాన్ని పక్కన పారేయకుండా బాడీ కింద పడుకోబెడితే అదీ ఒక కాపలా. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఒక్క నిమిషానికైనా వెళ్లకూడదు.

సీట్లో కూర్చుని పట్టుకోగలిగేవి

కిటికీ అద్దాలు దించి, పాటలు ఆపి, మట్టిరోడ్డు మీద మెల్లగా నడపండి. పక్కన ఇంకొకరుంటే మంచిది, చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో డ్రైవరు కంటే పక్కవాళ్లకే బాగా తెలుస్తుంది.

చిన్న చిన్న గతుకుల మీద, అదీ తక్కువ వేగంలో, టకటకమని తేలికపాటి చప్పుడు వస్తే ముందు స్టెబిలైజర్ బారును (రెండు వైపుల చక్రాలనూ కలిపే కడ్డీ) సస్పెన్షన్‌కు తగిలించే లింక్ రాడ్లను అనుమానించండి. ఇది తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. స్పీడ్ బ్రేకరును నేరుగా, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటండి. తర్వాత కొంచెం ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఇంకొకటి ఎక్కేలా దాటండి. స్టెబిలైజర్ బారు రెండు చక్రాలూ ఒకేలా కదిలినప్పుడు మెలి తిరగదు, వేరువేరుగా కదిలినప్పుడే తిరుగుతుంది. కాబట్టి నేరుగా దాటితే నిశ్శబ్దం, ఏటవాలుగా దాటితే టకటక అయితే దోషం లింక్ రాడ్డుదో, బారును బాడీకి పట్టి ఉంచే రబ్బరు బుష్షులదో అని దాదాపు తేలిపోయినట్టే.

మెల్లగా ముందుకు పోతూ బ్రేకు వేసినప్పుడు ఒకసారి ధడ్‌మని, రివర్సులో బ్రేకు వేసినప్పుడు మళ్లీ ఒకసారి ధడ్‌మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే ఇనుప చెయ్యి) బుష్షు తెగి, ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరుగుతోందని అర్థం.

నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు మెలిపడి వదిలినట్టు టంగ్‌మంటే స్ట్రట్ పైనుండే మౌంటు లేదా దాని బేరింగు చూడాలి. బానెట్ తెరిచి, ఇంకొకరు స్టీరింగ్ తిప్పుతుండగా పై మౌంటు మీద చెయ్యి పెడితే ఆ కుదుపు వేళ్లకు తగులుతుంది.

వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే మోత, మలుపులో ఒకవైపుకు పెరిగి ఇంకోవైపుకు తగ్గితే, వీల్ బేరింగు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకు కదిలేటప్పుడు టక్ టక్ టక్‌మంటే యాక్సిల్ జాయింటు. ఈ రెండూ సస్పెన్షన్ లెక్కలోకి రావు కానీ, చాలామంది వీటినే సస్పెన్షన్ చప్పుడనుకుని లేని రోగానికి మందు వేస్తారు.

వేగం పెంచగానే స్టీరింగ్ వణుకుతోందా? దేనికీ చెయ్యి పెట్టకముందు రిమ్ము లోపలి వైపు చూడండి. బురదలో తిరిగొచ్చిన బండికి అక్కడ అరచేతి మందాన మట్టి గడ్డకట్టి ఉంటుంది, బ్యాలెన్స్ చెడగొట్టడానికి అది చాలు. కడిగేస్తే సగం కేసులు అక్కడే ముగుస్తాయి. అప్పటికీ వణుకుతుంటే బ్యాలెన్సింగ్, ఆ తర్వాత రిమ్ము వంకర.

టైరు చెప్పే సాక్ష్యం

అరచేతిని టైరు మీద లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక దిశలో నున్నగా, ఇంకో దిశలో రంపపు పళ్లలా తగిలితే టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండడం) తప్పింది. ఒక అంచే అరిగి ఉంటే క్యాంబరో (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలడం), టోనో. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడిమి అరిగితే గాలి ఎక్కువ. అక్కడక్కడా గుంటలు పడినట్టు అరిగితే షాకబ్జార్బరు పట్టు తప్పి చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోంది, లేదా బ్యాలెన్స్ లేదు. కంటికంటే చేతికే ఇవి ముందు తెలుస్తాయి.

చక్రం ఊపి చూడడం

ఈ ఒక్క పరీక్ష సరిగా చేస్తే ఎన్నో అనవసరపు ఖర్చులు తప్పుతాయి, కాబట్టి తొందరపడకండి.

చక్రం నేల విడిచేలా లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట్ల పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక తగిలితే అది బేరింగుదో, బాల్ జాయింటుదో. ఏదో తేల్చడానికి ఇంకొకరిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే కదలిక మాయమైతే బేరింగు. అలాగే ఉంటే బాల్ జాయింటు, పాత తరహా బండైతే కింగ్ పిన్ను (చక్రం పక్కలకు తిరిగే నిలువు పిన్ను).

తర్వాత 3, 9 దగ్గర పట్టుకుని పక్కకు ఊపండి. ఇక్కడ లూజు ఉంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ రాడ్డును చక్రానికి కలిపే జాయింటు), లేదా లోపల ఆ రాడ్డును స్టీరింగ్ రాక్‌కు కలిపే రాక్ ఎండ్. ఇంకొకరు ఊపుతుంటే మీరు ఎండ్ జాయింటు చుట్టూ వేళ్లు వేసి పట్టుకోండి. నకల్ (హబ్‌ను పట్టి ఉంచే భాగం) కదిలి రాడ్డు కదలకపోతే, లేదా రెంటికీ మధ్య టిక్కుమని వేళ్లకు తగిలితే దొంగ దొరికినట్టే. లోపలి రాక్ ఎండ్ కోసం రబ్బరు బెల్లోస్‌ను (మడతల తొడుగు) మెత్తగా నొక్కి పట్టుకుంటే లోపల బంతి కదలిక తెలుస్తుంది.

బాల్ జాయింటు చూసేటప్పుడు జాకీ ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. స్ట్రట్ ఉన్న బండిలో బరువు స్ట్రట్ మీద ఉంటుంది కాబట్టి బాడీ కింద లేపి చక్రాన్ని వేలాడనివ్వచ్చు. స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీద కూర్చున్న బండిలో జాకీ ఆర్మ్ కిందే, చక్రానికి దగ్గరగా పెట్టాలి. బాడీ లేపితే స్ప్రింగు ఆర్మ్‌ను కిందికి నెట్టి జాయింటును బిగపట్టేస్తుంది. పోయిన జాయింటు కూడా గట్టిగానే కనిపిస్తుంది.

చివరగా బండి నేల మీద ఉండగా, ఇంకొకరు స్టీరింగ్‌ను కొంచెం అటూ ఇటూ ఆడిస్తుంటే, స్టీరింగ్ కింది జాయింటు నుంచి మొదలుపెట్టి రాక్ మౌంటింగులు, రాక్ ఎండ్, టై రాడ్ ఎండ్ వరకు ఒక్కొక్కదాని మీద చెయ్యి వేస్తూ పోండి. పవర్ స్టీరింగైతే ఇంజిన్ ఆన్‌లో ఉంచాలి. మీరు చక్రాలకు అడ్డంగా ఉండకూడదు, చేతులు ఇరుకుల్లో దూర్చకూడదు.

కింద చూడాల్సినవి

షాకబ్జార్బరు మీద దుమ్ము అంటుకున్న సన్నని చెమ్మ ఉంటే భయపడక్కర్లేదు. ఆయిలు ధారకట్టి కారితే మాత్రం మార్చాల్సిందే. బండి మూల నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పరీక్ష పూర్తిగా చచ్చిపోయినదాన్నే పడుతుంది, సగం పోయినదాన్ని వదిలేస్తుంది. నేను దాన్ని పెద్దగా నమ్మను.

కాయిల్ స్ప్రింగు సాధారణంగా కింది చుట్టు దగ్గర విరుగుతుంది, నీళ్లూ మట్టీ నిలిచేది అక్కడే. విరిగిన ముక్క సీట్లోనే కూర్చుని ఉంటే కంటికి తెలియదు. చదును నేల మీద చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకు టేపుతో రెండు వైపులా కొలవండి. తేడా బాగా ఉంటే దిగిన వైపు స్ప్రింగు తడిమి చూడండి.

బుష్షుల మీద సన్నని పగుళ్లు వయసువల్ల వస్తాయి, వాటికి మార్చనక్కర్లేదు. సన్నని గడ్డపలుగుతో కొంచెం తోసినప్పుడు రబ్బరు ఇనుప గొట్టం నుంచి విడిపోయి సందు కనిపిస్తే అది పోయినట్టు.

ఇంకో మాట. కిరకిర పోతుందని బండి కింద డీజిలో, పాత ఇంజిన్ ఆయిలో కొట్టించే అలవాటు చాలామందికి ఉంది. నాలుగు రోజులు చప్పుడు ఆగుతుంది. కానీ ఆ ఆయిలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, పైగా దుమ్మును పట్టి ఉంచుతుంది. కడగడానికి నీళ్లు చాలు. కిరకిర మరీ విసిగిస్తే సిలికాన్ స్ప్రే వాడండి.

టై రాడ్ ఎండ్ మార్చడం

ఇంట్లో చేసుకోగలిగిన పనుల్లో ఇది మేలైనది.

1. చక్రాలు నేరుగా ఉంచి బండి లేపి, స్టాండు పెట్టి, చక్రం ఊడదీయండి. మరల మీద మట్టిని వైరు బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు వదిలేయండి.

2. జాయింటు మధ్య నుంచి లాక్ నట్టు వరకు దూరం కొలిచి రాసుకోండి. మరల మీద కొంచెం పెయింటు గుర్తు పెట్టండి.

3. రాడ్డును ఒక పానాతో కదలకుండా పట్టి, లాక్ నట్టును పావు తిప్పు మాత్రమే వదులు చేయండి. అంతకంటే జరపొద్దు, కొత్త ఎండ్ ఎక్కడ ఆగాలో చెప్పేది ఆ నట్టే.

4. స్ప్లిట్ పిన్ తీసి, నట్టును చివరి మూడు నాలుగు మరల వరకు విప్పి అక్కడే ఉంచండి. ఇప్పుడు నకల్‌లో జాయింటు స్టడ్ కూర్చున్న కన్ను (రంధ్రం) పక్క భాగం మీద సుత్తితో రెండు మూడు గట్టి దెబ్బలు కొడితే టేపర్ (స్టడ్ సన్నబడుతూ పోయే భాగం) టప్పున వదులుతుంది. స్టడ్ కొస మీద కొట్టకండి, మరలు చితికిపోతాయి. పుల్లర్ ఉంటే ఇంకా హాయి.

5. పాత ఎండ్‌ను ఎన్ని తిప్పులకు ఊడుతుందో లెక్కపెడుతూ విప్పండి. కొన్ని బండ్లలో ఒక వైపు ఎడమ మరలుంటాయి, మొండికేస్తే ముందు అది చూసుకోండి.

6. కొత్తదాన్ని అన్నే తిప్పులు ఎక్కించి కొలత సరిచూడండి. కొత్త ఎండ్ పొడవు పాతదానికంటే కాస్త తేడాగా ఉండొచ్చు, అప్పుడు లెక్కకంటే కొలతే ప్రమాణం.

7. టేపర్ పొడిగా, శుభ్రంగా ఉండాలి. అక్కడ గ్రీసు రాయకూడదు. నట్టు బిగిస్తుంటే స్టడ్ కూడా తిరుగుతుంటే, పలుగుతో జాయింటును కన్నులోకి అదిమి పట్టి బిగించండి. చెప్పిన టార్క్ అందాక పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి, వెనక్కి వదులు చేసి కలపకూడదు. పిన్ను కొత్తది వేయండి. నైలాన్ లాక్ నట్టైతే నట్టే కొత్తది.

8. లాక్ నట్టు బిగించేటప్పుడు ఎండ్ ఒక పక్కకు వాలిపోకుండా మధ్యలో పట్టుకోండి.

లోయర్ ఆర్మ్, బుష్షులు

కొన్ని బండ్లలో బాల్ జాయింటు ఆర్మ్‌కు బోల్టులతో ఉంటుంది, విడిగా మార్చుకోవచ్చు. ప్రెస్ చేసో, రివెట్లు కొట్టో ఉంటే, బుష్షులు కూడా పాతవైతే, ఆర్మ్ మొత్తం మార్చడమే మేలు. బుష్షు ఒక్కటే ప్రెస్ చేయించేటప్పుడు పాతది ఏ దిక్కున కూర్చుందో ఆర్మ్ మీద గీత గీసుకోండి. రబ్బరులో ఖాళీలున్న బుష్షులకు దిక్కు ముఖ్యం.

ఇక చాలా చోట్ల తప్పు జరిగేది ఆఖరి బిగింపులో. బుష్షు లోపలి గొట్టం, బయటి గొట్టం, మధ్యలో వాటికి అంటుకుపోయిన రబ్బరు. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు రబ్బరు మెలి తిరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం అక్కడే లాక్ అవుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించామనుకోండి, రబ్బరుకు ఆ వేలాడే స్థితే విశ్రాంతి అవుతుంది. బండి నేల మీదికి దిగిన క్షణం నుంచి రబ్బరు మెలిపడే ఉంటుంది. గుంతలో ఇంకా మెలిపడుతుంది. అలా బిగించిన కొత్త బుష్షు, ఎంత మంచి కంపెనీదైనా, గతుకుల రోడ్డు మీద ఎక్కువ కాలం నిలవదు. మనం స్పేరు నాసిరకమని తిట్టుకుంటాం.

కాబట్టి ఆర్మ్ బోల్టులు ముందు చేతిబిగువుకు ఎక్కించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ ఇవ్వాలి. ర్యాంపుల మీద ఎక్కించి చేస్తే సులువు. ర్యాంపు లేకపోతే విప్పకముందే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు దూరం కొలిచి రాసుకోండి. బిగించేటప్పుడు ఆర్మ్ చివర బాల్ జాయింటు దగ్గర జాకీ పెట్టి, హబ్ మధ్య నుంచి ఫెండర్‌కు అదే దూరం వచ్చేదాకా మెల్లగా లేపండి. బాడీ స్టాండు మీద నుంచి లేస్తోందేమో చూసుకుంటూ ఉండాలి, లేస్తుంటే ఆపేసి ర్యాంపు దారి పట్టండి.

స్ట్రట్ దగ్గర ఆగాల్సిన చోటు

స్ట్రట్ పైన మధ్యలో ఉండే పెద్ద నట్టు స్ప్రింగును అణచిపట్టి ఉంచుతుంది. స్ప్రింగ్ కంప్రెసర్ పెట్టకుండా దాన్ని విప్పితే స్ప్రింగు మనిషిని చంపేంత బలంతో ఎగురుతుంది. స్ట్రట్ మొత్తాన్ని బండి నుంచి దింపుకోవడం వరకు మీరు చేసి, స్ప్రింగు విప్పే పని సరైన పనిముట్టున్న మెకానిక్‌కి ఇవ్వండి. షాకబ్జార్బర్లు ఎప్పుడూ జతగానే మార్చాలి. ఒక వైపు కొత్తది, ఇంకో వైపు పాతది ఉంటే బండి ఒక్కో వైపు ఒక్కోలా స్పందిస్తుంది. మౌంటు, దుమ్ము తొడుగు, బంప్ రబ్బరు పాతవే తిరిగి పెట్టి మిగిల్చేది కొంచెమే, మళ్లీ విప్పాల్సి వస్తే పోయేది ఎక్కువ.

కమాన్ కట్టలు

సరుకుల బండికి చూడాల్సింది ముఖ్యంగా పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు వదులైతే బరువంతా దాని మీద పడి తెగుతుంది. తెగితే యాక్సిల్ వెనక్కో ముందుకో జరుగుతుంది, బండి నేరుగా పోతూ కూడా పక్కకు వాలి నడుస్తుంది. వెనక నుంచి చూసేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. రెండు వైపులా సెంటర్ బోల్టు నుంచి కట్ట ముందు చివరి కన్ను వరకు కొలిచి పోల్చండి.

పట్టీల మధ్య తుప్పు గీత కొత్తగా మెరుస్తుంటే అక్కడ పగులు ఉండొచ్చు. యూ బోల్టులు ఒకటే పూర్తిగా బిగించకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. లోడుతో ఒక ట్రిప్పు తిరిగాక మళ్లీ బిగింపు చూడాలి, కొత్త పట్టీలు సర్దుకుని నట్లు వదులవుతాయి. షాకిల్ పిన్నులకు (కట్ట చివరను బాడీకి తగిలించే పిన్నులు) గ్రీసు కొట్టే ముందు నిపుల్ (గ్రీసు ఎక్కించే మొన) తుడవండి, తుడవకపోతే ఆ మట్టినే లోపలికి పంపు చేసినట్టవుతుంది. పాత నల్ల గ్రీసు బయటికొచ్చి కొత్తది కనిపించే వరకు కొట్టాలి.

స్టీరింగ్ బరువెక్కినా, పక్కకు లాగినా

లాగుడుకు మొదటి అనుమానితుడు టైరు గాలి. గాలి సమానం చేశాక ముందు టైర్లు అటుదిటు మార్చి చూడండి, లాగుడు కూడా వైపు మారితే దోషం టైరుది. ఒక దిశకే తిరగాల్సిన టైర్లకు ఈ పరీక్ష పనికిరాదు. తర్వాత బ్రేకు. కాస్త దూరం నడిపాక రిమ్ముల దగ్గర చెయ్యి ఆనించకుండా వేడి చూడండి, ఒకటి బాగా వేడెక్కితే అది పట్టేస్తోంది. ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్.

ఆయిలుతో నడిచే పవర్ స్టీరింగ్ మూలిగితే ముందు ఆయిలు మట్టం, బెల్టు చూడండి. పూర్తిగా తిప్పి అలాగే పట్టుకుని ఉంచితే పంపు వేడెక్కుతుంది, గుంతలోంచి బండి తీసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. కరెంటు మోటారు స్టీరింగ్ బరువెక్కి బోర్డులో లైటు వెలిగితే బ్యాటరీ, ఫ్యూజులు చూసి, ఆపై స్కానర్ ఉన్న చోటికి వెళ్లడమే. రాక్ మీదుండే సర్దుబాటు నట్టుతో లూజు తగ్గించే ప్రయత్నం చేయకండి. రాక్ ఎక్కువగా అరిగేది నడిమి భాగంలో. అక్కడికి సరిపడా బిగిస్తే అరగని చివర్లలో పట్టేస్తుంది, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట వెనక్కి రాదు.

దారిలో ఇబ్బంది పడితే

తొడుగు చిరిగి జాయింటు ఇంకా గట్టిగా ఉంటే, తుడిచి గ్రీసు పెట్టి, మందపాటి ప్లాస్టిక్ చుట్టి టైలతో కట్టి మెల్లగా ఇంటికి చేరొచ్చు. బాల్ జాయింటు ఊడినా, టై రాడ్ విడిపోయినా, విరిగిన స్ప్రింగు కొన టైరు వైపు తిరిగినా బండి అక్కడే ఆపాలి. తీగతో కట్టి నడిపించడం గురించి ఎవరు ఎన్ని కథలు చెప్పినా వినకండి, ముందు చక్రం మడత పడితే స్టీరింగ్ మీ చేతిలో ఉండదు.

గుంత తప్పదనుకుంటే దాని ముందే బ్రేకు వేసి, చక్రం దిగే సరికి కాలు తీసేయండి. బ్రేకు మీద ఉన్న బండి ముక్కు వంచి స్ప్రింగును ముందే సగం అణిచేస్తుంది, దెబ్బ తీసుకోవడానికి చోటు మిగలదు.

టో సరిచూడడం, ఆఖరి బిగింపులు

టై రాడ్, రాక్ ఎండ్, ఆర్మ్, స్ట్రట్, వీటిలో ఏది కదిలించినా అలైన్‌మెంట్ చేయించాలి. యంత్రమున్న చోటికి చేరేదాకా టైరు అరిగిపోకుండా టేపుతో ఇలా సర్దుకోండి. రెండు ముందు టైర్ల వెనక భాగంలో, హబ్ ఎత్తున, ట్రెడ్ మధ్యలో సుద్దతో సన్నని గీత గీసి వాటి మధ్య దూరం కొలవండి. బండిని ముందుకు మాత్రమే నెట్టి, అవే గీతలు ముందు వైపు అదే ఎత్తుకు వచ్చేదాకా తిప్పి మళ్లీ కొలవండి. అవే గీతలతో కొలుస్తాం కాబట్టి రిమ్ము వంకరున్నా లెక్క తప్పదు. ముందు దూరం తక్కువైతే టో ఇన్, ఎక్కువైతే టో అవుట్. చాలా కార్లకు ఈ తేడా సున్నాకు దగ్గర్లో, ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే ఉంటుంది, మీ బండికెంతో మాన్యువల్లో చూడండి.

చక్రం నట్లను నక్షత్రం క్రమంలో టార్క్‌కు బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి. బండి నేరుగా పోతుంటే స్టీరింగ్ వీలు వంకరగా నిలిస్తే, వీలు ఊడదీసి నేరుగా పెట్టించకండి. అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, పైగా రాక్ మధ్యలో లేదన్న అసలు లోపం అలాగే ఉండిపోతుంది. ఒక వైపు టై రాడ్‌ను ఎంత పొడవు పెంచితే రెండో వైపు అంతే తగ్గించాలి, అప్పుడు టో మారకుండా వీలు నేరుగా వస్తుంది.